గర్భవిచ్ఛిత్తి: చట్టం, వైద్యం, మన బాధ్యత

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వారు ప్రతి ఏటా నాకొక విషయం ఇచ్చి మాట్లాడమంటారు. ఒక ఏడు పిల్లల చదువు, ఒక ఏడు జోడేకి రఖం, ఇట్లా. ఈ ఏడు మాత్రం విషయం నేనే అడిగి తీసుకున్నాను. కార్యదర్శిగారు విని కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత "మాస్టర్ సాబ్, సభలో ఆడవాళ్లుంటారు గదా" అన్నారు. "ఆడవాళ్లుంటారనే అడుగుతున్నాను, వాళ్ల భర్తలూ అత్తలూ కూడా ఉంటారు గనుక అడుగుతున్నాను" అన్నాను. ఆయన ఒప్పుకున్నందుకు ముందుగా వారికి కృతజ్ఞతలు.

రెండో మాట. నేను చదివిందీ, చదువు చెప్పేదీ ఉర్దూలో. అయినా ఈ రోజు తెలుగులో మాట్లాడుతున్నాను. ఎందుకంటే మన జ్యోతినగర్‌లోను, గోదావరిఖనిలోను పుట్టి పెరిగిన మన ఆడపిల్లల్లో ఎక్కువమంది తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివినవారు. ఆసుపత్రిలో నర్సమ్మ మాట్లాడేదీ, చీటీ మీద వివరించి చెప్పేదీ తెలుగే. ఉర్దూ పుస్తకాలలో దీనిని ఇస్ఖాతె హమల్ అంటారు. ఆ మాట ఆసుపత్రి కిటికీ దగ్గర పనికిరాదు. తెలుగులో ఇంటి మాట కడుపు తీయించుకోవడం. డాక్టర్లు, వకీళ్లు రాసేది గర్భవిచ్ఛిత్తి. దానంతట అది పోతే గర్భస్రావం అంటున్నాం. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి, విషయంలో తప్పు లేకుండా చూసుకున్నాను.

ఒక సాయంత్రం

నేను లెక్కల మాస్టారును. లెక్కలోకి వెళ్లే ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. అది నా తప్పు. ఆ ఇంటివారి అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేర్లు మాత్రం చెప్పను.

కొన్నేళ్ల కింద ఒక రోజు మగ్రిబ్ నమాజు తర్వాత మా ఖాలా కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్టు పని. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఏడు నెలలు, ఇంకా తల్లిపాలే తాగుతోంది. చాయ్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని "భాయిజాన్, ఒక మస్లా అడగాలె. ఇంట్ల మళ్లా నెల తప్పినట్టున్నది. ఆమెకు పానం బాగుంటలేదు. ఏం చేయాల్నో సమజైతలేదు" అన్నాడు.

అప్పుడు నేనేమి చెప్పాలి? కూర్చో అనాలి. ఎన్ని రోజులైందని అడగాలి. డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద అనాలి. నేను అవేవీ అనలేదు. "తౌబా, తౌబా. గట్లాంటి మాటలు మా ఇంట్ల మాట్లాడకు, పిల్లలు వింటరు" అన్నాను. వాడు సగం చాయ్ అట్లాగే పెట్టి లేచిపోయాడు. నేను పరహేజ్‌గారుణ్ణి అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వాడు తిన్నగా ఒక మందుల దుకాణానికి వెళ్లాడు. చీటీ అడగలేదు, ఎన్ని నెలలని అడగలేదు, పెట్టె ఇచ్చారు. ఆమె మింగింది. రక్తం మొదలైంది. మందు పనిచేస్తోందనుకున్నారు. ఆగలేదు. ఆగకపోయినా మందు ఇంకా పనిచేస్తోందనే అనుకున్నారు. పదకొండు రోజులు. అత్తకు చెప్పలేదు, తల్లికి చెప్పలేదు. పన్నెండో రోజు పొద్దున వంటింట్లో పడిపోతే పక్క క్వార్టర్ అక్క చూసి, ఆటో పిలిచి, ఒడిలో తల పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. రక్తం అయిదు శాతానికి కిందికి పడిపోయిందన్నారు. నాలుగు సీసాలు ఎక్కించారు. వాటిలో రెండు వాడి తోటి పనివాళ్లు ఇచ్చినవి. స్కానింగ్‌లో తేలిందేమంటే, మందు మింగేనాటికే పన్నెండు వారాలు దాటింది. వాళ్లు ఆరు వారాలనుకున్నారు.

అల్లాహ్ దయవల్ల ఆమె బతికింది. ఇంటికి వచ్చిన తర్వాత నేను చూడబోతే, మంచం మీదినుంచే అడిగింది: "భాయిజాన్, ఆయన ఆ రోజు మీ దగ్గరికి అడగనీకి వచ్చిండు గదా. మీరేం చెప్పిండ్రు?"

వాడు ఇంట్లో ఏమీ చెప్పలేదు. నా పరువు కాపాడాడు. నేనే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, గోడవైపు తిరిగింది. ఈ ప్రసంగం ఆ రోజు నేనివ్వలేకపోయిన జవాబు. ఆలస్యమైంది, అయినా ఇంకొక ఇంటికి పనికివస్తుందని చెబుతున్నాను.

రోజుల లెక్క

ఇప్పుడు బోర్డు మీద లెక్క వేద్దాం.

డాక్టర్లు గర్భాన్ని భార్యాభర్తలు కలిసిన రోజునుంచి లెక్కించరు. చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజునుంచి లెక్కిస్తారు. నెల సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకు వచ్చే స్త్రీకి, రావలసిన రోజున రాలేదంటే అప్పటికే లెక్కలో నాలుగు వారాలు గడిచినట్టు. ఇది చాలామందికి తెలియదు. "నిన్ననే గదా తప్పింది" అంటారు, వాస్తవానికి నెల అయిపోయింది.

మన దేశంలో మాత్రలతో గర్భవిచ్ఛిత్తికి అనుమతించిన గడువు తొమ్మిది వారాలు, అనగా 63 రోజులు. నాలుగు వారాలు, అనగా 28 రోజులు, ముందే పోయాయి. మిగిలినవి 35 రోజులు. అందులో వారం రోజులు చూద్దాం, వస్తుందేమో అని పోతాయి. ఇంకో వారం సిగ్గులో పోతుంది. ఇంకో వారం డబ్బు కోసం పోతుంది. మిగిలింది రెండు వారాలు.

పాలిచ్చే తల్లి విషయంలో ఈ లెక్క మరీ తారుమారవుతుంది. పాలిస్తున్నన్ని రోజులు గర్భం రాదని మన నానీలు, దాదీలు చెబుతారు. అందులో నిజం ఉంది, కాని మూడు షరతులతో ఉంది: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప మరేమీ పెట్టకూడదు, తల్లికి ఇంకా బహిష్టు రాకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ రక్షణ నమ్మదగ్గది కాదు. బహిష్టు రాకముందే అండం విడుదల కావచ్చు. అప్పుడు నెల తప్పడమనే గుర్తే ఉండదు. మా తమ్ముడి ఇంట్లో జరిగింది ఇదే.

ఇది మన బస్తీ బాధ మాత్రమే కాదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి కేసే వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. రెండో కాన్పు తర్వాత మానసిక వ్యాధికి మందులు వాడుతోంది. పాలిస్తున్నందువల్ల బహిష్టు లేదు, గర్భమని తెలిసేసరికి ఇరవై నాలుగు వారాలు దాటిపోయింది. కోర్టు అక్టోబరు 9న అనుమతించింది, తర్వాత ఆ ఉత్తర్వును మళ్లీ విచారించి 16న నిరాకరించింది. అప్పటికి ఇరవై ఆరు వారాలు దాటింది, బిడ్డకు లోపమేమీ లేదు, తల్లికి తక్షణ ప్రాణాపాయం లేదు, కనుక చట్టం ఒప్పుకోదన్నది. ఒక చిన్న మూత్ర పరీక్ష మూడు నెలల ముందు జరిగి ఉంటే ఆ తల్లి దేశంలోని పెద్ద కోర్టు దాకా వెళ్లవలసిన పని ఉండేది కాదు.

చట్టం ఎట్లా వచ్చింది

బ్రిటిష్ వారు 1860లో రాసిన భారత శిక్షాస్మృతిలో, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీయడం నేరం. తీసినవారికి మూడేళ్ల వరకు, గర్భంలో కదలిక వచ్చిన తర్వాత అయితే ఏడేళ్ల వరకు జైలు. తనకు తాను చేసుకున్న స్త్రీ కూడా ఆ సెక్షను కిందికే వచ్చేది. శిక్ష ఉన్నందువల్ల గర్భవిచ్ఛిత్తులు ఆగాయా? ఆగలేదు. చాటుకు పోయాయి. చీకటి గదుల్లో పుల్లలతోను, నాటు మందులతోను జరిగి ఎందరో తల్లులు పోయారు.

ఇది చూసి కేంద్ర ప్రభుత్వం 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. అది 1966లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1971లో పార్లమెంటు వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని చేసింది. దానినే ఎం.టి.పి. చట్టం అంటారు. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులోనూ సెక్షను 88 మొదలుకొని పాత నేరాలు అట్లాగే ఉన్నాయి. అంటే, ఎం.టి.పి. చట్టం తెరిచిన తలుపు గుండా పోతే రక్షణ, పక్క సందు గుండా పోతే నేరం.

ఆ తలుపు ఎంత తెరిచి ఉందో చూద్దాం. 2021లో చట్టాన్ని సవరించారు, ఆ సెప్టెంబరు 24 నుంచి అమలులో ఉంది.

ఇరవై వారాల వరకు ఒక అర్హత గల డాక్టరు అభిప్రాయం చాలు. తల్లి ప్రాణానికి ప్రమాదం, ఆమె శరీర ఆరోగ్యానికి గాని మానసిక ఆరోగ్యానికి గాని తీవ్రమైన హాని, బిడ్డకు తీవ్రమైన లోపం, బలాత్కారం, గర్భనిరోధక సాధనం విఫలం కావడం, ఇవి కారణాలు. ఆమె ఇంటి పరిస్థితులను కూడా డాక్టరు లెక్కలోకి తీసుకోవచ్చు.

ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల వరకు ఇద్దరు డాక్టర్లు కావాలి. ఇది కొందరికే: బలాత్కారానికి గురైనవారు, మైనరు బాలికలు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవారు, విడాకులైనవారు, వికలాంగులు, మానసిక వ్యాధిగ్రస్తులు, బిడ్డకు తీవ్ర లోపం ఉన్నవారు మొదలైనవారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ విషయంలో పెళ్లైన స్త్రీ, పెళ్లికాని స్త్రీ అనే భేదం చూపరాదని తీర్పునిచ్చింది.

ఇరవై నాలుగు వారాలు దాటితే, బిడ్డకు పెద్ద లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ణయించినప్పుడు మాత్రమే. ఇక తల్లి ప్రాణం తక్షణం కాపాడవలసి వస్తే ఏ వారానికీ గడువు లేదు, ఒక్క డాక్టరు నిర్ణయం చాలు.

ఇవి కాక మిగిలినవారికి హైకోర్టే దిక్కు. మన తెలంగాణ హైకోర్టు 2021లో అత్యాచారానికి గురైన పదహారేళ్ల బాలికకు ఇరవై ఆరు వారాల గర్భాన్ని తీయించుకోవడానికి అనుమతించింది. కడుపులోని పిండం ప్రాణాన్ని ఆ పిల్ల బతుకు కంటే ఎత్తున పెట్టలేమన్నది. ఆ పిల్లకు న్యాయం దొరికింది, నిజమే. కాని ఆ ఇంట్లో ఎవరైనా ముందే పసిగట్టి ఉంటే అంత పెద్ద నెలలో అంత కష్టం పడేదా అన్నది తల్లులు ఆలోచించాలి.

సంతకం ఎవరిది? రహస్యం ఎవరిది?

పద్దెనిమిదేళ్లు నిండిన, మానసిక వ్యాధి లేని స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు. భర్త తెలిసి వెంట ఉండటం మంచిదే, అదే మన కుటుంబ మర్యాద. కాని భర్త సంతకం లేదని వెనక్కి పంపడం చట్టం చెప్పినది కాదు. ఆమె ఇష్టం లేకుండా బలవంతాన తీయించడం మాత్రం జీవిత ఖైదు దాకా పోగల నేరం. అత్తామామలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పద్దెనిమిదేళ్లలోపు అయితే సంరక్షకుల సంతకం కావాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు తెలియజేయాలి. అయితే పిల్ల, సంరక్షకుడు కోరితే ఆమె పేరు చెప్పనక్కర్లేదని 2022 తీర్పులోనే ఉంది.

మన ఇళ్లలో అందరి భయం ఒక్కటే: బయటపడుతుందని. కంపెనీ కాలనీలలో ఒకరి సంగతి ఒకరికి తెలియడానికి పూట పట్టదు. కాని ఆ స్త్రీ పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చునని 2021 సవరణ చెబుతోంది. మందుల దుకాణంలో గుట్టు నిలుస్తుందనుకుంటాం. అక్కడ రహస్యానికి ఏ చట్టమూ కాపలా లేదు.

ఒకే మూడు అక్షరాలు

చట్టంలో డాక్టరును రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అన్నారు. పొడి అక్షరాలలో ఆర్.ఎం.పి. మన బస్తీలలో కూడా ఆర్.ఎం.పి. డాక్టర్లున్నారు. జ్వరానికి సూది వేస్తారు, రాత్రిపూట పిలిస్తే వస్తారు, వారి సేవను నేను తక్కువ చేయను. కాని ఆ ఆర్.ఎం.పి. వేరు, ఈ ఆర్.ఎం.పి. వేరు. చట్టం చెప్పేది వైద్య కళాశాలలో చదివి, మెడికల్ కౌన్సిల్‌లో పేరు ఎక్కి, స్త్రీవైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు. మరొకరు చేస్తే రెండేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు కఠిన శిక్ష అని 2002 సవరణ.

స్థలం కూడా ముఖ్యమే. ప్రభుత్వ ఆసుపత్రి గాని, ఇందుకు ఆమోదం పొందిన ప్రైవేటు ఆసుపత్రి గాని కావాలి. ప్రైవేటు చోట ఆమోద పత్రం అందరికీ కనిపించేటట్లు గోడకు పెట్టాలి. లోనికి పోగానే గోడ చూడండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ సేవ ఉచితం. రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో మొదలైంది. ఒకప్పుడు పెద్ద వైద్యమంటే కరీంనగరో వరంగలో పోవాలనేవారు, ఇప్పుడు ఆ సాకు కూడా తగ్గింది.

పద్ధతులు

వైద్యం వివరాలు డాక్టరు చెప్పవలసినవి. ఏ ప్రశ్న అడగాలో తెలియడానికి మాత్రం నేను చెబుతాను.

తొలి తొమ్మిది వారాలలో మాత్రలు. రెండు రకాలు: మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. మొదటిది గర్భాన్ని నిలబెట్టే హార్మోను పని ఆపుతుంది. దీనిని ఫ్రాన్సులో కనుగొన్నారు, అక్కడ 1988లోనూ, మన దేశంలో 2002లోనూ అనుమతి వచ్చింది. రెండోది కడుపులో పుండుకు వచ్చిన మందు, గర్భసంచిని ముడుచుకునేటట్లు చేస్తుంది. మొదటిది వేసిన ఒకటి రెండు రోజులకు రెండోది, తర్వాత రెండు వారాలకు మళ్లీ చూపించుకోవడం. సక్రమంగా వాడితే నూటికి తొంభై అయిదుమందికి పైగా పని పూర్తవుతుంది. మిగిలినవారికి కొంత లోపల మిగిలిపోతుంది, అందుకే ఆ చివరి చూపు తప్పకూడదు.

దుకాణంలో పెట్టె అదే, మాత్ర అదే. మరి డాక్టరు ఎందుకని అడుగుతారు. నాలుగు పనుల కోసం. మొదటిది వారాల లెక్క సరిచూడటం. రెండోది గర్భం సంచిలోనే ఉందా, గొట్టంలో ఉందా అని చూడటం. గొట్టంలో ఉన్న గర్భానికి ఈ మాత్రలు పనిచేయవు, గొట్టం పగిలితే గంటలలో ప్రాణం పోవచ్చు. మూడోది రక్తం ఎంత ఉందో చూడటం, మన ఆడవారిలో రక్తహీనత ఎంత ఉందో మీకు తెలుసు. నాలుగోది రక్తం గ్రూపు, నెగెటివ్ అయితే సూది అవసరమా అని డాక్టరు నిర్ణయించాలి.

తొమ్మిది వారాలు దాటితే పన్నెండు వారాల వరకు గాలి పీల్పు పద్ధతి. చిన్న గొట్టంతో పీల్చి తీస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. తొలి వారాలలోనూ మాత్రలు వద్దన్నవారికి ఇదే చేస్తారు. పాత కాలంలో చెంచావంటి ఇనుప పనిముట్టుతో గోకి తీసేవారు, జనం కడిగించడం అనేవారు. దానికి బదులు పీల్పు పద్ధతి వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పన్నెండు వారాలు దాటితే ఆసుపత్రిలో ఉంచే చేయాలి. నెల పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే రాత్రయినా పగలైనా ఆసుపత్రికి పోవాలి: గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతూ రెండు గంటలు వరుసగా రక్తం పోవడం, ఒక రోజు దాటినా తగ్గని జ్వరం, దుర్వాసన, భరించలేని కడుపునొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మందు వేసినా రక్తమే కనిపించకపోవడం. దుకాణంలో తెచ్చి మింగినా సరే, దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ప్రాణాపాయంలో వచ్చినవారికి వైద్యం చేయడం డాక్టరు విధి.

ఎంతమంది ఇట్లా ఇంట్లో మింగుతున్నారు? 2015 సంవత్సరపు లెక్కలపై 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆ ఏడు దేశంలో సుమారు 156 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగాయని, వాటిలో సుమారు 115 లక్షలు ఆసుపత్రి బయట మాత్రలతో జరిగినవని అంచనా వేశారు. నూటికి డెబ్బై మూడు. మన తమ్ముడొక్కడే కాదన్నమాట.

షరీఅత్ మాట

నేను ఆలిమును కాను, ఫత్వా ఇవ్వను. పెద్దల దగ్గర విన్నదీ, పుస్తకాలలో చదివిందీ చెబుతాను.

పేదరికానికి భయపడి సంతానాన్ని చంపవద్దని ఖుర్ఆన్‌లో స్పష్టంగా ఉంది. జీవం అల్లాహ్ అమానతు. ఇందులో ఏ మజ్‌హబ్‌కూ భేదం లేదు. నూట ఇరవై రోజులకు రూహ్ ఊదబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబ్దుల్లా బిన్ మసూద్ చెప్పిన హదీసు ఉంది. ఆ గడువు దాటిన తర్వాత తల్లి ప్రాణం కోసం తప్ప కూడదని పండితుల మాట. గడువుకు ముందు విషయంలో భేదాలున్నాయి. మాలికీ పండితులు చాలామంది మొదటినుంచీ కూడదన్నారు. ఇమాం గజాలీ కూడా మొదటినుంచే తప్పన్నారు, నెల పెరిగినకొద్దీ తప్పు పెరుగుతుందన్నారు. మన హనఫీ ఫుఖహాలలో చాలామంది సరైన ఉజ్ర్, అనగా గట్టి కారణం, ఉంటే అనుమతించారు.

ఆ ఉజ్ర్‌కు ఇబ్నె ఆబిదీన్ గారి రద్దుల్ ముహ్‌తార్‌లో ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? చంకలో పాలు తాగే బిడ్డ ఉండగా మళ్లీ గర్భం వచ్చి, పాలు ఎండిపోయి, దాయాను పెట్టుకునే శక్తి తండ్రికి లేక, ఆ బిడ్డ ప్రాణానికే ముప్పు వచ్చే పరిస్థితి. అది చదివినప్పుడు నా కళ్లముందు మా తమ్ముడి ఇల్లే కనిపించింది. వందల ఏళ్ల కిందటి ఫఖీహ్ ఆ తల్లి కష్టాన్ని కూర్చుని ఆలోచించాడు. నేను చాయ్ పూర్తిగా తాగనివ్వలేదు.

ఇంకొక లెక్క. ఆ నూట ఇరవై రోజులు గర్భం నిలిచిననాటినుంచి. డాక్టరు వారాలు అంతకు సుమారు పద్నాలుగు రోజుల ముందునుంచి. 120కి 14 కలిపితే 134, అనగా డాక్టరు లెక్కలో పంతొమ్మిది వారాల ఒక రోజు. ముఫ్తీ సాహెబును అడగబోయేవారు స్కానింగ్ కాగితం వెంట తీసుకుపోయి, ఏ లెక్కనుంచి ఎన్ని రోజులో చెప్పి అడగాలి.

ముస్లిం దేశాలు కూడా దీనిని ఆలోచించాయి. ట్యునీషియా 1973లోనే మొదటి మూడు నెలల వరకు అనుమతించింది. టర్కీ 1983లో పది వారాల వరకు అనుమతించింది. ఇరాన్‌లో 2005 చట్టం ముగ్గురు డాక్టర్ల నిర్ధారణతో, వైద్యపరమైన కారణాలకు, నాలుగు నెలలలోపు అన్నది. ఇంకొక వైపు రుమేనియా 1966లో గర్భవిచ్ఛిత్తిని దాదాపు పూర్తిగా నిషేధించింది. తల్లుల మరణాలు విపరీతంగా పెరిగాయి. 1989 చివర నిషేధం ఎత్తివేయగానే తగ్గిపోయాయి. తలుపు మూస్తే జనం ఆగరు, సందులో పడతారు.

ఒక్క విషయంలో మాత్రం రెండు మాటలు లేవు. ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడం. పాతిపెట్టబడిన ఆడబిడ్డను ఏ పాపానికి చంపారని అడిగే రోజు వస్తుందని ఖుర్ఆన్ హెచ్చరించింది. 1994 చట్టం ప్రకారం పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం రెండూ నేరాలే. ఎం.టి.పి. చట్టం ఇచ్చిన తలుపును ఈ పనికి వాడుకోవడం హరామ్, నేరం కూడా.

రాకముందే

తీయించుకోవడం కన్నా రాకుండా చూసుకోవడం మేలు. అజ్ల్ పద్ధతి సహాబాల కాలంలోనే ఉండేదని హదీసులలో ఉంది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా కాపర్-టి, మూడు నెలలకొకసారి అంతర సూది, ఛాయా మాత్రలు, నిరోధ్ ఇస్తున్నారు. కాన్పయిన వెంటనే కూడా కాపర్-టి పెట్టించుకోవచ్చు. కలిసిన తర్వాత 72 గంటలలో వేసుకునే అత్యవసర మాత్ర ఒకటుంది. అది గర్భం రాకుండా ఆపేదే గాని వచ్చిన గర్భాన్ని తీసేది కాదు. ఆ రెండు మాత్రలనూ ఒకటనుకోవద్దు. గర్భవిచ్ఛిత్తి తర్వాత రెండు వారాలకే మళ్లీ గర్భం నిలవవచ్చు, కనుక ఆ రోజే డాక్టరును అడిగి ఒక పద్ధతి తీసుకోవాలి.

చివరి మాట

సోదరులారా, మనలో చాలామంది బొగ్గు గనులవాళ్లం. బావిలోకి దిగేముందు గ్యాసు ఉందా అని పరీక్షిస్తారు. ఆ మాట అడగడానికి ఎవరూ సిగ్గుపడరు. అడిగినవాణ్ణి ఎవరూ తౌబా అని పంపించరు. అడగనివాడే తప్పు చేసినవాడు. ఇంట్లో ఆడమనిషి ప్రాణం విషయంలో మాత్రం అడిగినవారిదే తప్పయింది.

అందుచేత నా విన్నపం మూడు మాటలలో. తల్లులు, కోడళ్ల నెల తేదీలు గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టించండి. భర్తలు, దుకాణానికి కాదు, ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడవండి. పెద్దలు, మీ దగ్గరికి ఎవరైనా ఈ మస్లా తీసుకుని వస్తే తీర్పు చెప్పకండి, ముందు రోజులు లెక్కపెట్టండి.

మా తమ్ముడి చిన్నకూతురు ఇప్పుడు మా బడిలోనే చదువుతోంది. ఎక్కాలు బాగా చెబుతుంది. వాళ్లమ్మ పోయినసారి పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు "భాయిజాన్, సభలో చెప్తరట గదా. చెప్పుండ్రి. నా సంగతి గూడ చెప్పుండ్రి" అన్నది. ఆ మాట ప్రకారమే చెప్పాను.

ఎవరికైనా అడగవలసి ఉంటే మా ఇల్లు మీకు తెలుసు. మగ్రిబ్ తర్వాత ఇంట్లోనే ఉంటాను. వచ్చినవారు చాయ్ పూర్తిగా తాగే వెళ్లాలి.